ఆపలేనిది కాదు, ఆగేది: జగన్నాథుడి రథం గురించి ఒక మాట

జై జగన్నాథ్!

ఈ వారం వీడియోలో పూరీ రథయాత్ర గురించి చెప్పుకున్నాం కదా. అందులో టైం సరిపోక వదిలేసిన ఒక విషయం ఇక్కడ రాస్తున్నాను. అది ఒక మాట గురించి. "జగ్గర్‌నాట్".

ఈ మాట మీకు కొత్తేమీ కాదు. డోటా 2 ఆడేవాళ్ళకి అదొక హీరో పేరు. మార్వెల్ సినిమాలు చూసేవాళ్ళకి డెడ్‌పూల్ 2లో అడ్డొచ్చినవన్నీ విరగ్గొట్టే భారీకాయుడు. ఆఫీసుల్లో అయితే చిన్న కంపెనీలను తొక్కేసుకుంటూ పోయే పెద్ద కంపెనీని అలా అంటారు. ఇంగ్లీషు డిక్షనరీ తీస్తే అర్థం ఇదీ: ఆపడానికి వీల్లేకుండా, దారిలో ఉన్నదాన్నల్లా నలిపేసే శక్తి. ఈ మాట పుట్టింది మన జగన్నాథ స్వామి పేరులోంచే!

జగత్తుకి నాథుడైనవాడి పేరుకి ఈ అర్థం ఎలా వచ్చింది?

14వ శతాబ్దంలో ఓడరిక్ అనే ఇటలీ సన్యాసి మన దేశానికి వచ్చాడు. ఇక్కడ భక్తులు దేవుడి రథం చక్రాల కింద పడి ప్రాణాలు ఇచ్చేస్తారని రాశాడు. నిజానికి అతను రాసింది దక్షిణ తీరం గురించి, పూరీ గురించి కాదు. తర్వాత జాన్ మాండవిల్ పేరుతో ఒక యాత్రా పుస్తకం వచ్చింది. అందులో ఓడరిక్ చెప్పినవి చాలావరకు ఎత్తి రాసేశారు. యూరప్ అంతా అదే చదివింది. 1806లో క్లాడియస్ బుకానన్ అనే పాదరీ పూరీ వచ్చి, ఒక యాత్రికుడు చక్రాల కింద పడటం చూశానని రాశాడు. అదే ఏడాది నుంచి ఈస్టిండియా కంపెనీ పూరీ యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసింది. ఆ పన్ను తీసేయాలని పోరాడిన మిషనరీలకి ఈ భయంకరమైన కథ బాగా పనికొచ్చింది. 1840లో పన్ను పోయింది. కథ మాత్రం ఉండిపోయింది.

మరి అసలు లెక్క ఏంటి? 1820ల్లో ఒడిశా గురించి రాసిన ఆండ్రూ స్టిర్లింగ్ అనే అధికారి నాలుగేళ్ళు రథయాత్ర చూశాడు. అలాంటి మరణాలు మూడే కనిపించాయన్నాడు. ఒకటి ప్రమాదం, మిగతా ఇద్దరూ భరించలేని జబ్బుతో ఎన్నాళ్ళుగానో బాధపడుతున్నవాళ్ళు. 1872లో విలియం హంటర్ రికార్డులన్నీ చూసి, ఆత్మబలి అనేది విష్ణు భక్తికే విరుద్ధమని రాశాడు. గుడిలో ఒక్క మరణం జరిగితే అంతా మైల పడుతుంది, అలాంటి చోట బలి ఎలా కోరతారు? ఇదీ ఆయన ప్రశ్న.

గమనించండి, వీళ్ళిద్దరూ బ్రిటిష్‌వాళ్ళే. కాబట్టి "వాళ్ళంతా అంతే" అని మనం కూడా ఒక్క మాటలో తేల్చేయకూడదు. కష్టపడి చూసినవాళ్ళకి నిజం కనిపించింది. కాపీ కొట్టినవాళ్ళకి కనిపించలేదు. తొక్కిసలాటలు జరగలేదని కూడా అనకూడదు. 2025లో కూడా గుండిచా గుడి దగ్గర ముగ్గురు చనిపోయారు. అది జనాన్ని అదుపు చేయడంలో లోపం. దానికి భక్తి అని పేరు పెట్టకూడదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. రథం మీద ఉన్న స్వామిని దర్శిస్తే మళ్ళీ జన్మ ఉండదని మన పెద్దల నమ్మకం. దర్శిస్తే చాలు! చక్రం కింద పడమని ఎవరూ చెప్పలేదు. కళ్ళారా చూడు, మోకు పట్టుకుని లాగు. అంతే.

స్వామి నందిఘోష రథం ఎత్తు దాదాపు 45 అడుగులు, చక్రాలు 16. అంత రథానికీ ఇంజిన్ లేదు. మనుషులు లాగితేనే కదులుతుంది. లాగే ముందు పూరీ గజపతి మహారాజు స్వయంగా వచ్చి బంగారు పిడి చీపురుతో రథం ఊడుస్తారు. చీకటి పడితే రథం ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. గుడి లోపలికి రాలేనివాళ్ళ కోసం గుడిలోని దేవుడే బయటికి వచ్చే పండగ ఇది.

17వ శతాబ్దంలో సాలబేగ్ అనే భక్తకవి ఉండేవాడు. తండ్రి ముస్లిం. గుడిలోకి ప్రవేశం లేదు, రథం మీదే స్వామిని చూడాలి. ఒక ఏడాది దూరంలో జబ్బుపడి, సమయానికి రాలేకపోయాడట. రథం కదలకుండా ఆగిపోయింది. ఎంతమంది లాగినా కదల్లేదు. అతను వచ్చి దర్శనం చేసుకున్నాకే కదిలిందని పూరీలో చెప్పుకుంటారు. ఇప్పటికీ ఆయన సమాధి దగ్గర రథం కాసేపు ఆగుతుంది.

ఇప్పుడు ఆ డిక్షనరీ అర్థం మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. ఆపలేనిది, నలిపేసేది అంటున్నారు. మన స్వామి రథమేమో ఒక్క భక్తుడి కోసం ఆగేది!

రేపు మీ టీమ్‌లో ఎవరైనా ఆ మాట వాడితే గొడవ పడొద్దు, సిగ్గుపడి తల కూడా దించుకోవద్దు. "ఆ పేరు వెనక ఒక కథ ఉంది, చెప్పనా?" అని నవ్వుతూ సాలబేగ్ కథ చెప్పండి. రెండు నిమిషాలు చాలు. అలాగే వేరేవాళ్ళ ఆచారం గురించి మీ ఫోన్‌కి ఒక భయంకరమైన ఫార్వర్డ్ వస్తే, పంపే ముందు ఒక్క క్షణం ఆగండి. మాండవిల్ పుస్తకం చేసిన పని మనం చేయకూడదు. ఒకరి కోసం రథాన్నే ఆపిన స్వామి భక్తులం, మనం ఒక వేలు ఆపలేమా?

ఈ ఆషాఢ శుద్ధ విదియకి వీలైతే పూరీ వెళ్ళండి. లేదంటే మీ దగ్గర్లో ఏ రథోత్సవం జరిగినా మోకు మీద ఒక్కసారి చెయ్యి వేయండి.

జై జగన్నాథ్! వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.