శ్లోకంలో రెండో సగం

రోగం పాపఫలమా? కీళ్లవాతం పట్టిన ఆడమనిషికి మా బేతంచెర్లలో ఈ ప్రశ్న వేదాంత గ్రంథాల్లో కాదు, వాకిట్లోనే ఎదురవుతుంది. "పోయిన జన్మలో ఎవరి ఉసురు పోసుకుంటివో తల్లీ" అని మా వీధి పెద్దమ్మ వంకరపోయిన నా వేళ్లు నిమిరి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెకు నా మీద ఉన్నది ప్రేమే. కానీ ఆ ప్రేమలో ఒక తీర్పూ ఉంది. బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, ఆ తీర్పుకు జవాబు వెతక్కుండా ఊరుకోలేకపోయాను.

ముందు జబ్బు సంగతి. కీలు లోపల ఒక పలుచని పొర ఉంటుంది. దాని పైవరస ఒకటి నుంచి మూడు కణాల మందమే. కీలు జారుగా కదలడానికి కావలసిన ద్రవాన్ని అదే ఊరిస్తుంది. రక్తనాళాలు లేని మృదులాస్థికి ఆ ద్రవం ద్వారానే పోషణ అందుతుంది. రుమటాయిడ్ జబ్బులో మన రోగనిరోధక శక్తి ఈ పొర మీదికే తిరగబడుతుంది. పొర వాచి, మందమెక్కి, కొత్త రక్తనాళాలు పుట్టించుకుని మృదులాస్థి మీదికి పాకుతుంది, ఎముకనూ తొలుస్తుంది. పొద్దున లేవగానే పిడికిలి మూయలేం. చీర కుచ్చిళ్లు పోసుకోలేం, చెంబు ఎత్తలేం.

ఇక్కడ బయటి శత్రువు లేడు. కాపలా కాయవలసిన బలమే ఇంటిని కూలుస్తోంది. పాపానికి కర్త ఉండాలి కదా, మరి ఇందులో కర్త ఎవరు? ఈ జబ్బుకు దోహదం చేసేవాటిలో కొన్ని తెలుసు: వంశంలో వచ్చే జన్యువులు, పొగతాగడం, ఏళ్ల తరబడి పీల్చిన సిలికా ధూళి. ఇది మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. ఆడవాళ్లు రెండు మూడు రెట్లు ఎక్కువ పాపాత్ములని ఏ ధర్మశాస్త్రం లెక్కకట్టింది?

కర్మ సిద్ధాంతాన్ని కొట్టిపారేయడం లేదు. నేను చేయబోయే పని ముందు నిలబడి నన్ను అడ్డుకుంటే అది ధర్మం. పక్కవాడి వాచిన మోకాలు చూసి వాడి గతజన్మను చదివితే అది క్రూరత్వం. పూర్వజన్మ పాపం రోగమై పీడిస్తుందని చెప్పే శ్లోకం ఒకటి మనవాళ్ల నోళ్లలో ఉంది. అందరూ మొదటి సగం దగ్గరే ఆగిపోతారు. దానికి శాంతి ఎలాగో రెండో సగం చెబుతుంది: ఔషధం, దానం, జపం, హోమం, దేవతార్చన. ఆ వరుసలో ఔషధమే ముందుంది. శ్లోకం చెప్పినాయన రోగిని నిందించి వెళ్లిపోలేదు, వైద్యం చేయించుకోమన్నాడు.

ఆ శాంతి అనేది మా నేలకు కొత్త కాదు. మా మండలంలో ఆర్.ఎస్. రంగాపురం దగ్గర మద్దిలేటి నరసింహస్వామి, ఆళ్లగడ్డ దాటితే అహోబిలంలో నవ నారసింహులు. హిరణ్యకశిపుణ్ణి చీల్చేశాక కూడా స్వామి ఉగ్రం చల్లారలేదు. ప్రహ్లాదుడి స్తోత్రంతో చల్లారిందని భాగవతం, చెంచులక్ష్మి వలపుతో చల్లారిందని నల్లమల. రక్షించడానికి వచ్చిన కోపం ఆగవలసిన చోట ఆగలేదు. దాన్ని ఎవరూ పాపమనలేదు, నాశనం చేయాలనీ చూడలేదు. నా జబ్బూ అలాంటిదే. నన్ను కాపాడే శక్తిని చంపేస్తే చిన్న ఇన్‌ఫెక్షనే నన్ను తీసుకుపోతుంది. దాన్ని శాంతింపజేయాలి.

శాంతింపజేసే మందుల్లో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. దాని వెనక ఉన్నది మన తెలుగువాడే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కుర్రతనంలో రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యసించాలనుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు, వైద్యం చదివాడు. స్ప్రూ అనే జబ్బు అన్నదమ్ములిద్దరిని మింగేసింది. అమెరికాలో లెడర్లే కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది, తర్వాత దాని పనికి అడ్డుపడే మెథోట్రెక్సేట్‌నూ తయారుచేసింది. ఆయన 1948లో పోయారు. మొదట రక్తక్యాన్సర్ కోసం పుట్టిన మందుల కుటుంబం ఇది. 1951లో దీని సోదర మందు అమినోప్టెరిన్‌ను కీళ్లవాతానికి వాడి చూశారు. మెథోట్రెక్సేట్‌ను ఈ జబ్బుకు అమెరికా 1988లో ఆమోదించింది. నేను వారానికొకసారి ఆ మాత్ర, మరో రోజు ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకుంటాను. రెండూ ఒకే ప్రయోగశాల బిడ్డలు. ఆ ప్రయోగశాలను తపోవనం కాదని నేననలేను.

మందుతో వాపు తగ్గింది, వంకరపోయిన వేళ్లు మాత్రం తిన్నగా రాలేదు. శరీరం క్షేత్రమని, దాన్ని తెలుసుకునేవాడు వేరని గీత పదమూడో అధ్యాయం చెబుతుంది. నొప్పి లేదనుకోవడానికి ఆ మాట నాకు పనికిరాలేదు. పొలంలో తెగులు పడితే రైతు దోషి కాడని నమ్మడానికి పనికొచ్చింది. కానీ తెగులని తెలిశాక చేను వదిలేస్తే మాత్రం అది రైతు తప్పే.

అందుకే చదివేవారికి ఒక మాట. చేతి వేళ్ల కీళ్లు రెండు వైపులా వాచి, పొద్దుటి బిగుతు గంట దాటినా వదలకపోతే, అది వారాల తరబడి సాగితే, రుమటాలజీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ పరీక్షల గురించి అడగండి. ఎముక ఒకసారి తొలిచాక తిరిగి పూడదు, మొదటి నెలల్లోనే మందు మొదలుకావాలి. వారానికొకసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, రోజు పేరు చీటీ మీద రాయించుకోండి. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వస్తే ఏ పాపం చేశావని అడగకండి, ఆ నీళ్ల బిందె మీరు ఎత్తండి.