హారంలో లేనివాళ్ళు

భూటాన్ అనగానే మన ఐటీ జనానికి ముందు బైక్ ట్రిప్ గుర్తొస్తుంది, తర్వాత స్థూల జాతీయ ఆనందం. దేశాన్ని జీడీపీతో కాదు, జనం సంతోషంతో కొలవాలని నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్చుక్ 1970ల్లో అన్నాడు. అన్నట్టే సర్వేలు చేస్తున్నారు. 2010లో 0.743 ఉన్న సూచీ 2022కి 0.781 అయింది. నాకూ ముచ్చటేసింది. జనాభా లెక్కలు చదివేదాకా.

1988లో దక్షిణ జిల్లాల్లో, నేపాలీ మాట్లాడే లోత్షంపాల ఊళ్ళలో సెన్సస్ జరిగింది. 1985 పౌరసత్వ చట్టం ప్రకారం, 1958 నాటికే ఆ దేశంలో ఉన్నట్టు రుజువు చూపించాలి. రుజువంటే చాలామందికి ఆ ఏడాది శిస్తు కట్టిన రసీదే. అది చూసి మనుషుల్ని ఎఫ్1 నుంచి ఎఫ్7 దాకా ఏడు రకాలుగా విడగొట్టారు, ఒక్కోసారి ఒకే ఇంట్లోవాళ్ళని కూడా. ముప్ఫై ఏళ్ళ నాటి రసీదు మనలో ఎందరి ఇళ్ళల్లో ఉంటుంది? మా తాతయ్య ట్రంకుపెట్టెలో చెదలు తినగా మిగిలినవి రెండు పెళ్ళి శుభలేఖలు.

తర్వాత నిరసనలు, అరెస్టులు, ఇష్టపడే వెళ్ళిపోతున్నామని రాసున్న ఫారాల మీద సంతకాలు. 1990ల మొదట్లో లక్ష మంది దాకా తూర్పు నేపాల్ శిబిరాలకి చేరారు. అప్పటి భూటాన్ జనాభా ఆరు లక్షలు. ఆ రెండు దేశాలకీ ఉమ్మడి సరిహద్దు లేదు, మధ్యలో మనమున్నాం. సముద్రం లేని దేశం నుంచి బయటపడాలంటే పక్కవాడి నేల తొక్కాల్సిందే. వాళ్ళని మన లారీల్లోనే మేచి నది దాటించాం. ఆ పైన, అది వాళ్ళిద్దరూ తేల్చుకోవాల్సిన సంగతి అన్నాం.

ఇప్పుడు సగటు లెక్క చూడండి. సంతోషంగా లేనివాళ్ళకి సంతోషం పంచినా సగటు పెరుగుతుంది, వాళ్ళని లెక్కలోంచి తీసేసినా పెరుగుతుంది. సగటుని నమ్ముకుంటే వచ్చే చిక్కుల్ని తత్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లోనే ‘రీజన్స్ అండ్ పర్సన్స్’లో తవ్వాడు. అక్కడది ఊహలో వేసుకున్న లెక్క. లోత్షంపాలకి అదే జీవితం. సర్వే చేసినవాళ్ళని తప్పుపట్టడం లేదు, దేశంలో ఉన్నవాళ్ళనే కదా అడగగలరు. టేబుల్లోంచి అడ్డువరసలు తీసేశాక ఎంత నిజాయితీగా క్వెరీ రాసినా వచ్చే జవాబు అదే. లవం మీద అంత శ్రద్ధ పెట్టిన దేశం హారం ఎలా తయారైందో చెప్పదు. (తెలుగులో హారం అంటే దండ కూడా. తెగిపోయిన పూసల్ని దండ లెక్కపెట్టదు.)

వాళ్ళ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. పక్కనే సిక్కిం, అక్కడ నేపాలీ మాట్లాడేవాళ్ళే ఎక్కువ, 1975లో భారత్‌లో కలిసిపోయింది. రెండు పెద్ద దేశాల మధ్య ఇరుక్కున్న చిన్న రాజ్యం తన భాష, తన వేషం ఉంటాయో పోతాయో అని బెంగపడడంలో ఆశ్చర్యం లేదు. కానీ భయం ఎంత నిజమైనా, పొలం దున్నుకుంటున్న మనిషిని ఒక్క రసీదు లేదని ఫలానా తేదీ తర్వాత వచ్చినవాడివి అనెయ్యడానికి అది సరిపోతుందా? నాకు సరిపోదనే అనిపిస్తుంది. సంస్కృతిని కాపాడుకునే హక్కు ఉన్నవాళ్ళకే కదా, ఇక్కడ ఉన్నవాళ్ళెవరో తేల్చే కలం ముందే ఒక పక్షం చేతిలో ఉంది.

విచిత్రం ఏంటంటే ఇప్పుడు భూటాన్‌కి మనుషులే కావాలి. 2017 సెన్సస్‌లో జనాభా 7,27,145. సంతాన రేటు రెండు కంటే కిందికి దిగింది. చదువుకున్న కుర్రాళ్ళు ఆస్ట్రేలియా ఫ్లైట్ ఎక్కుతున్నారు. దక్షిణాన గెలెఫులో ‘మైండ్‌ఫుల్‌నెస్ సిటీ’ కడతామని 2023 డిసెంబరులో ఇప్పటి రాజు ప్రకటించాడు. ప్రపంచమంతటి నుంచీ నిపుణుల్నీ పెట్టుబడుల్నీ రమ్మంటున్నారు. గెలెఫు ఉన్నది సర్పాంగ్ జిల్లాలో. లోత్షంపాలు వదిలిపోయిన జిల్లాల్లో అదీ ఒకటి.

శిబిరాల్లోంచి లక్షకు పైగా మందిని 2007 తర్వాత ఎనిమిది దేశాలు తీసుకున్నాయి, ఎక్కువమందిని అమెరికా. మన తెలుగువాళ్ళు బాగానే ఉన్న ఒహాయో కొలంబస్‌లో వాళ్ళ కిరాణా కొట్లున్నాయి. కేసులున్న కొందర్ని అమెరికా 2025లో తిరిగి భూటాన్‌కి విమానంలో పంపింది. భూటాన్ వాళ్ళని ఉండనివ్వకుండా భారత సరిహద్దు దాటించింది. అక్కడి నుంచి కొందరు నేపాల్ శిబిరాలకే చేరారు, ముప్ఫై ఏళ్ళ కిందటి దారిలోనే.