మనము మరచినను స్వామి మరువడు

ప్రహ్లాదుడు తండ్రికి నవవిధ భక్తులను చెప్పునపుడు శ్రవణమును మొదట, కీర్తనమును పిమ్మట, స్మరణమును మూడవదిగా నుంచెను. ఈ క్రమము అర్థవంతమైనది. పలుమారులు వినక, పలుకక తలపు నిలువదు.

ఏటూరునాగారము ప్రాంతపు గృహస్థులకు ఆ ప్రహ్లాదవరదుడు సమీపముననే యున్నాడు. మంగపేట మండలమునందలి మల్లూరు హేమాచలముపై శ్రీలక్ష్మీనృసింహస్వామి వెలసియున్నాడు. ఆ మూర్తి స్పర్శకు మెత్తగా నుండునని భక్తుల విశ్వాసము. అచ్చటి మెట్లపై అవ్వ చేయి పట్టుకొని "నరసింహా" యని తొలిసారి పలికిన పసివాడు ఆ మాటను సాయంకాలమునకే మరువవచ్చును. నిత్యము ఇంట దీపము చెంత విని, ఏటేట కొండ యెక్కిన యెడల అది వానికి జీవితాంతము నిలుచును. ఏల?

ఎరిక్ కాండెల్ అను శాస్త్రజ్ఞుడు అప్లీసియా యను సముద్రపు నత్తజాతి జీవిని పరిశోధించి 2000 సంవత్సరమున నోబెల్ బహుమతిని పంచుకొనెను. ఆ జీవికి ఇంచుమించు 20,000 నాడీకణములు మాత్రమే కలవు. దానికి ఒకమారు తగిలిన తాకిడి కొన్ని నిమిషములే జ్ఞప్తియందుండెను. నడుమ విరామమిచ్చి పలుమారులు తాకినచో దినముల తరబడి నిలిచెను. అల్పకాల స్మృతికి ఉన్న మాంసకృత్తులలో స్వల్ప మార్పు చాలును. దీర్ఘస్మృతికి అది చాలదు. ఆవృత్తి వలన కణములోని సందేశము కేంద్రకము వరకు పోయి, 'క్రెబ్' అను మాంసకృత్తి ద్వారా జన్యువులను మేల్కొల్పును. క్రొత్త మాంసకృత్తులు పుట్టును. నాడీకణముల నడుమ క్రొత్త సంధులు మొలకెత్తును. వేదపాఠశాలలలో నిన్నటి సంతను నేడును, మరల కొన్ని దినములకును వల్లింపజేయుట ఇట్టి ఆవృత్తియే.

అయితే దేహమున నిర్మితమైనది దేహముతోపాటు శిథిలమగును. అల్జీమర్స్ వంటి వ్యాధులలో ఆ సంధులే సడలిపోవును. జీవితమంతయు స్వామిని కొలిచిన తల్లి నేడు కన్నకొడుకు పేరును సైత మెరుగదు. అంత్యకాల స్మరణమే గతినిచ్చునని గీత చెప్పుచుండగా ఆమె గతియేమని ఇంటివారు కుములుదురు.

ఈ దుఃఖమునకు వరాహ చరమశ్లోకము సమాధానము. మనస్సు స్వస్థముగ నున్ననాడు తన్ను తలచిన భక్తుడు ఎరుక తప్పి పడియున్నవేళ, వానిని తలచి పరమగతికి చేర్చు భారము తనదేయని భూదేవికి స్వామి ఇచ్చిన మాట యది. పెరియాళ్వారు సైతము ఆనాటికై ఈనాడే విన్నవించుకొనెను.

కావున అట్టి వృద్ధులను "నే నెవరినో చెప్పుము" అని మాటిమాటికి పరీక్షింపరాదు. వారి చెంత కూర్చుండి నామము పలుకవలెను, తులసీతీర్థ మీయవలెను. ఆమె చేసిన స్మరణము స్వామియొద్ద భద్రముగ నున్నది. స్వస్థచిత్తులు మాత్రము రేపటికై వేచియుండరాదు. నేటి సంధ్యాదీపము చెంతనే ఒకమారు పలికి, రేపు మరల పలుకవలెను.