నాలుగంగుళాలు

మధురానగర్‌లో మా ఇల్లు 150 గజాల్లో ఉంటుంది. దస్తావేజులో వెడల్పు 30 అడుగులు, పొడవు 45. గేటు మార్పిద్దామని పై వాటాలో అద్దెకుండే కుర్రాడి దగ్గర టేపు తీసుకున్నాను. సినిమాల్లో ఫోకస్ పుల్లర్ అతను. కెమెరా నుంచి హీరో కంటిదాకా దూరం చూసుకోవడం అతని పని. "రెండంగుళాలు తప్పితే ముక్కు షార్ప్, కన్ను బ్లర్ సార్. మానిటర్ దగ్గర అందరికీ తెలిసిపోద్ది" అన్నాడు.

కొలిస్తే 30 అడుగుల 4 అంగుళాలు వచ్చింది. వీధిలోంచి పక్కింటి అంకుల్ వాళ్ల ముందువైపు కూడా కొలిచాను. వాళ్లదీ 30 అడుగుల ప్లాటే. 29 అడుగుల 8 అంగుళాలుంది. మధ్య గోడ కట్టించింది మా నాన్న. 45 అడుగుల పొడవునా నాలుగంగుళాలంటే గజంన్నర పైమాటే. ఇక్కడ గజం రేటు వేరే చెప్పక్కర్లేదు.

ముందు టేపుని అనుమానించాను. ఎండకి సాగిందా? 20 డిగ్రీలు వేడెక్కినా 30 అడుగుల స్టీలు టేపు సాగేది రెండు మిల్లీమీటర్లే. పైగా సాగిన టేపు తక్కువ చూపిస్తుంది, ఎక్కువ కాదు. వదులుగా పట్టుకున్నానా? నాలుగంగుళాల తేడా రావాలంటే టేపు మధ్యలో దాదాపు రెండడుగులు వేలాడాలి. 1802లో మద్రాసు దగ్గర ఏడున్నర మైళ్ల బేస్‌లైన్ కొలిచినప్పుడు లాంబ్టన్ గొలుసు వేలాడకుండా చెక్కపెట్టెల్లో పరిపించాడు, వేడి తెలియడానికి థర్మామీటర్లు పెట్టించాడు. ఆయన తన పనిలో తప్పు వెతకడానికి అంత కష్టపడ్డాడు. నేను టేపులో తప్పు వెతుకుతున్నది నాన్న తప్పు కప్పడానికి.

మీటరు పొడవు తేల్చడానికి ఫ్రాన్స్ పంపిన ఇద్దరిలో మెషాఁ ఒకడు. బార్సిలోనాలో ఆయన తీసిన అక్షాంశాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. తేడా మూడు సెకన్లు, అంటే నేల మీద సుమారు వంద మీటర్లు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మళ్లీ కొలవడానికి స్పెయిన్ వెళ్లి, 1804లో జ్వరంతో అక్కడే పోయాడు. ఆ తర్వాత ఆయన నోటుపుస్తకాల్లో దాన్ని కనిపెట్టింది జతగాడు దెలాంబ్ర్.

కొలతలో తేడా రావడం పాపం కాదు. తేడా లేని కొలత ఎక్కడా లేదు. నాన్న కూడా మేస్త్రీ పోసిన ముగ్గునే నమ్మి ఉంటాడు. అది పొరపాటు. ఇవాళ్టి నుంచి మాత్రం దానికి ఆ పేరు చెల్లదు, ఎందుకంటే నాకు తెలుసు. అంకుల్‌కి తెలీదు. ఆయనకి తెలియకపోతే నష్టం లేదు కదా అని మనసు గొణుగుతోంది. నష్టం లేకపోతే మరి చెప్పడానికి భయమెందుకు?

గోడ పడగొట్టాలా, డబ్బివ్వాలా, అమ్మ ఏమంటుంది, ఏదీ తేలలేదు. దస్తావేజు జిరాక్స్ వెనక మాత్రం ఇవాళ్టి తేదీ వేసి రెండు కొలతలూ రాసిపెట్టాను. ఆదివారం మళ్లీ కొలుస్తాను. టేపు రెండో చివర అంకుల్‌నే పట్టుకోమంటాను.