ఏటి పుట్టుక

నదీమూలము, ఋషిమూలము విచారింపరాదని మనలో నొక నానుడి కలదు. దానిని మన మెప్పుడు వాడుచున్నాము, ఎప్పుడు మఱచుచున్నాము అనునది విచారింపదగిన విషయము.

మొన్న మా బంధువుల యింట విందు జరిగినది. భోజనానంతరము ఊరిలోని ధనికు డొకని ప్రస్తావము రాగా, పదియేండ్లలో నాయనకు అంత భూమి యెట్లు సంక్రమించినదని ఒక యువకు డడిగెను. ఇంటిపెద్ద నవ్వి, "నదీమూలము, ఋషిమూలము అడుగరాదు, నాయనా" అనెను. అందఱును నవ్విరి. కొంతసేపటికి ఆ యింటి పిల్లవాని స్నేహితుడు, నా తరగతిలో చదువువాడే, మంచినీళ్లకై లోపలికి వచ్చెను. ఆ పెద్దయే వానిని, "ఎవరి పిల్లవాడవురా? మీదే కులము?" అని యడిగెను. వాని ముఖము చిన్నబోయినది. ఈ పర్యాయము నానుడి యెవ్వరికిని జ్ఞప్తికి రాలేదు. నాకును రాలేదు, ఇల్లు చేరినపిదప వచ్చినది.

ఈ భావము భారతమంత ప్రాచీనము. ఆదిపర్వమున, అస్త్రవిద్యాప్రదర్శనమునాడు, భీముడు కర్ణుని సూతపుత్రుడని యెత్తిపొడువగా, శూరుల పుట్టుకయు నదుల పుట్టుకయు తెలియరానివని దుర్యోధనుడు బదులుచెప్పును. ద్రోణుడు కుండలోను, కృపుడు ఱెల్లుపొదలోను పుట్టిరి గదా యనియు గుర్తుచేయును. న్యాయమైన మాటయే. కాని యాతనికి గావలసినది అర్జునుని కెదురు నిలువగల విల్లుగాని న్యాయము గాదు. ఆ సభలోని బోయీల పుట్టుకనుగూర్చి యాతడు వాదించియుండునా?

ఇక నదిమాట. గోదావరి నాసికకు సమీపమున త్ర్యంబకమువద్ద పుట్టునని బడిపిల్ల లెఱుగుదురు. అందు రహస్య మేమియు లేదు. అయినను రాజమహేంద్రవరపు రేవున మనము దోసిలిపట్టిన నీటిలో త్ర్యంబకపు నీరెంత? 1,465 కిలోమీటర్ల దారిలో మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వచ్చి కలియుచున్నవి. ప్రాణహిత యొక్కటియే గోదావరి పరీవాహకప్రాంతమున ఇంచుమించు మూడవవంతు నాక్రమించినది. మూలము తెలిసినంతమాత్రమున నది తెలిసినట్లు కాదు. మనుష్యుడును దారిలో కలిసినవారిచేతనే యింతవా డగును. నానుడిలో నాకు దోచిన సత్య మిది.

అట్లయిన దేనినిగూర్చియు నడుగరాదా? పుట్టుక యొకడు చేసిన పని గాదు. ఆర్జన చేసిన పని. భూమి యెట్లు వచ్చినదని యడుగుట, ఏటిలో మురుగుకాలువ యెక్కడ కలిసినదని యడుగుటవంటిది. ఆ నీరు త్రాగువారికి ఆ యధికారము కలదు. మనము దీనిని తలక్రిందు చేసితిమి: చేసినదానిని దాచుటకు నానుడిని వాడి, చేయనిదానికి పిల్లవానిని సంజాయిషీ యడుగుచున్నాము.

మా బడిరిజిష్టరులోను కులము వ్రాయుదుము గదా యని యొకరు నన్నడుగవచ్చును. వ్రాయుదుము, వెనుకకు నెట్టబడినవారికి చెందవలసిన విద్యార్థివేతనము వారికి చేరుటకై వ్రాయుదుము. మంచినీళ్ల బిందెకడ నడుగు ప్రశ్న దేనికొఱకు?

ఆ దినమున వాడు నీళ్లు త్రాగకయే వెళ్లిపోయెనని వాని స్నేహితుడు మరునాడు నాతో చెప్పెను. అప్పటినుండి తరగతిలో వాడు వెనుకబల్లమీద కూర్చుండుచున్నాడు. నేనును ఆ చావడిలో నుంటినని వానికి తెలియును.