పరదేశి కట్టవలసిన పన్ను

“మా వాడికి అక్కడ ఓటు లేదు. రేపు వీసా తీసివేస్తే తిరిగి రావలసిందే. అలాంటి దేశానికి పన్ను ఎందుకు కట్టాలి ఫాదర్‌గారూ?” అమెరికాలో బిడ్డలున్న తల్లిదండ్రులు మన విచారణలలో తరచు అడిగే ప్రశ్న ఇది. తేలికగా కొట్టివేయదగినది కాదు.

గల్ఫ్ సంగతి వేరు. కువైట్‌లో జీతంపై ఆదాయపు పన్ను లేదు. కడప, గోదావరి జిల్లాల నుండి అక్కడి ఇళ్లలో పనికి వెళ్లిన మన అక్కచెల్లెళ్లు ఈ విషయంలో మనస్సాక్షిని కష్టపెట్టుకోనవసరం లేదు. అమెరికాలో అలా కాదు. హెచ్-1బి వీసాపై ఏడాది పొడవునా పనిచేసే వ్యక్తి పన్ను లెక్కలో ఆ దేశ నివాసితో సమానం. అక్కడి జీతమే కాదు, గుంటూరు బ్యాంకులో వేసుకున్న డిపాజిట్‌పై వడ్డీ కూడా చూపాలి. ఆ వడ్డీపై ఇక్కడ పన్ను కట్టి ఉంటే, 1989లో రెండు దేశాలు చేసుకున్న ఒప్పందాన్ని అనుసరించి అక్కడి పన్నులో తగ్గింపు కోరవచ్చు. ఈ సంగతి తెలియక దాచి, చిక్కులు తెచ్చుకునేవారున్నారు.

ఇక ఓటు మాట. పన్ను ఓటుకు చెల్లించే వెల కాదు. చట్టం ఉన్నది సర్వజన శ్రేయస్సు కొరకని పునీత తోమాసు అక్వినాసువారి బోధ. ఆ శ్రేయస్సులో పరదేశికీ పాలు ఉంది. అతడు నడిచే రోడ్డు, అర్ధరాత్రి ఫోను చేస్తే వచ్చే పోలీసు, బిడ్డ చదివే బడి ఎవరి డబ్బుతో నడుస్తున్నాయి? పన్ను చెల్లించడం నైతిక బాధ్యత అనీ, వలస వచ్చినవారు ఆశ్రయమిచ్చిన దేశపు భారాన్ని పంచుకోవాలనీ 1992 నాటి కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2240, 2241 సంఖ్యలలో స్పష్టంగా చెబుతోంది.

అయితే ఒక ఫిర్యాదులో న్యాయముంది. సోషల్ సెక్యూరిటీ కింద జీతంలో 6.2 శాతం కోస్తారు. అక్కడ సుమారు 10 ఏళ్లు పనిచేయనిదే ఆ పింఛనుకు అర్హత రాదు. ఈ విషయమై మన దేశానికీ అమెరికాకూ ఒప్పందం లేదు. ఆరేళ్లకే తిరిగి వచ్చినవాడు కట్టినదంతా వదులుకోవలసిందే. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. కాని దీనిని సరిదిద్దవలసినవి ప్రభుత్వాలు. దొంగ లెక్క రాసినందువల్ల సరికాదు.

పన్ను చట్టాలు కేవలం శిక్షా చట్టాలని, పట్టుబడితే జరిమానా కట్టాలే గాని దాచినంత మాత్రాన పాపం లేదని వాదించిన పాత నీతిశాస్త్రజ్ఞులున్నారు. గురువిద్యాలయంలో మేమూ ఆ వాదం చదువుకున్నాము. నాకది రుచించలేదు. నేను ఎగవేసిన భాగం నా పొరుగువాని నెత్తిన పడుతుంది గదా!

మత్తయి సువార్త 17వ అధ్యాయంలో దేవాలయపు పన్ను సంగతి చూడండి. రాజులు ఎవరి వద్ద పన్ను తీసుకుంటారు, కుమారుల వద్దనా, పరుల వద్దనా అని క్రీస్తునాథుడు పేతురును అడిగారు. పరుల వద్దనే అన్నాడు పేతురు. అలాగైతే కుమారుడు కట్టనవసరం లేదు. అయినా ఎవరికీ ఆటంకం కాకూడదని చేప నోటి నాణెంతో ఇద్దరి పన్నూ కట్టించారు. కుమారుడే కట్టగా, పరదేశి తనకు మినహాయింపు ఉందని ఎలా అనగలడు?

విద్యార్థుల విషయం నన్ను మరింత బాధిస్తుంది. చదువుకని వెళ్లి, వీసా నియమాలకు విరుద్ధంగా పెట్రోలు బంకులోనో హోటల్లోనో రొక్కానికి పనిచేసే పిల్లలున్నారు. ఆ ఆదాయం ఏ లెక్కలోనూ ఉండదు. తక్కువ కూలి ఇచ్చినా, చేయి విరిగినా అడిగే దిక్కుండదు. లాభమంతా యజమానిది. అతడు మన తెలుగువాడే కావచ్చు. పాపంలో పెద్ద వాటా అతనిదే అంటాను. లక్షల అప్పు చేసి పంపి, నెల తిరిగేసరికి డబ్బేదని ఫోనులో అడిగే మనకు వాటా లేదా?

ఇప్పటికే దాచినవారు ఏమి చేయాలి? పాపసంకీర్తనంతో పాటు బాకీ తీర్చడమూ ఉంది. ఆ సొమ్ము ఆ దేశానిది. పండుగకు కానుకగా ఇచ్చినంత మాత్రాన చెల్లు కాదు. అమెరికా పన్ను శాఖ సవరించిన రిటర్నులు స్వీకరిస్తుంది. గుడి గోపురానికి చందా ఇవ్వదలచినవారు ఆ పని ముగించుకొని వచ్చినా మాకు అభ్యంతరం లేదు.