చెరిపేసే హక్కు

కంప్యూటర్లో కాష్ ఖాళీ చేయడం చాలా మామూలు పని. చూసిన పేజీలు మళ్ళీ త్వరగా తెరుచుకోవడానికి బ్రౌజరు వాటి బొమ్మల్నీ, స్క్రిప్టుల్నీ నకళ్ళుగా దాచుకుంటుంది. అవి పాతబడి పేజీలు సరిగ్గా రాకపోతే తుడిచేయమంటారు. ఒక రకంగా ఇది ఇల్లూడ్చుకోవడమే. కానీ ఇంటిల్లిపాదికీ ఒకే కంప్యూటర్ ఉన్నచోట స్త్రీ ఈ పని చేస్తే, "ఏం చెరిపేశావ్?" అన్న ప్రశ్న వస్తుంది. తప్పు చేయకపోతే చెరపడం దేనికన్నది ఆ ప్రశ్న వెనకున్న తర్కం.

ఈ తర్కాన్ని మనం ఒప్పుకోవాలా?

2005 నాటి గృహహింస చట్టం గురించి వెతుక్కున్న స్త్రీ ఆ జాడ చెరిపేస్తే అది మోసమెలా అవుతుంది? మోసం అనాలంటే ఆ సంగతి తెలుసుకునే హక్కు ఎదుటివాడికి ఉండాలి కదా! గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. రాజ్యం ఎదుట గెలుచుకున్న ఆ హక్కు ఇంటి గడప దగ్గర ఆగిపోతే స్త్రీకి మిగిలేదేమిటి?

పైగా కాష్ చెరిపితే అన్నీ పోవు. చూసిన పేజీల చరిత్ర, కుకీలు, దాచిన పాస్‌వర్డులు వేర్వేరు అరల్లో ఉంటాయి. ఒకే అకౌంటుతో కలిపి ఉంటే ఇక్కడ వెతికినవి మరో ఫోన్లోనూ కనిపించవచ్చు. మొత్తం తుడిచేస్తే ఆ ఖాళీయే అనుమానానికి తావిస్తుంది. అందుకే హింసను ఎదుర్కొంటున్న స్త్రీలకు సాయం చేసే సంస్థలు వీలైతే అతని చేతికి అందని కంప్యూటర్ వాడమని చెబుతాయి. అంటే చెరపడానికి కూడా చదువు కావాలి. చాలా ఇళ్ళలో ఆ చదువు మగవాడి చేతిలోనే ఉంది.

సాహిత్య పరిశోధకురాలిగా నాకు ఇక్కడే ఒక ఇబ్బంది. చెరిగిపోయిన స్త్రీల రాతల కోసం వెతకడమే మన పని. ఉత్తరాలు కాల్చేశారని, డైరీలు దొరకలేదని బాధపడే మనం ఇప్పుడు చెరిపేయమని ఎలా చెబుతాం?

పందొమ్మిదో శతాబ్దపు బెంగాల్లో రాససుందరీ దేవి పుస్తకంలోని ఒక పుటను వంటింట్లో దాచుకుని రహస్యంగా చదవడం నేర్చుకుంది. ఆ సంగతి మనకెలా తెలిసింది? ఆమే తన ఆత్మకథ 'అమార్ జీబన్'లో రాసింది కాబట్టి. దాచిందీ ఆమే, బయటపెట్టిందీ ఆమే. ఆ పుట ఆనాడే ఎవరి కంటైనా పడి ఉంటే ఆమె చదువు అక్కడే ఆగిపోయేదేమో, మనకు ఆ ఆత్మకథ దక్కేదే కాదేమో.

జాడ మిగలడం, గొంతు మిగలడం ఒకటి కాదు. ఎవరో కాపలా కాసి పోగుచేసిన జాడల్లో స్త్రీ ముద్దాయిగానే కనిపిస్తుంది. తనంతట తాను చెప్పినప్పుడే అది ఆమె చరిత్ర అవుతుంది. బెదిరింపు ఉత్తరాన్ని సాక్ష్యంగా దాచుకోవాలా, వెతికిన పేజీని చెరిపేయాలా అన్నది ఆమె తేల్చుకోవాల్సిన విషయం. మనం చేయగలిగింది ఆ రెండు పనులూ ఎలా చేయాలో నేర్పడం, ఏం చెరిపావని అడగకుండా ఉండటం.